‘మన్’ అంటే నాకు

ఇంటావిడ నా అరచేతిలో తాళంచెవి పెట్టి “అత్స్‌లేగ” అంది. తర్వాత పెరట్లోకి తీసుకెళ్ళి, సైకిళ్ళు పెట్టుకునే చెక్కగది తలుపుకి వేలాడుతున్న తాళంకప్పను చూపించి మళ్ళీ “అత్స్‌లేగ” అంది. ఇందాక చెప్పింది చెవి పేరా, ఇప్పుడు చెప్పింది కప్ప పేరా అని తేల్చుకోలేక మా మేనల్లుడి వైపు చూశాను.

“రెండూ అదే అత్తా. ఇది వేలాడేది కాబట్టి ముందు ఇంకో మాట చేరుస్తారు, అంతే” అన్నాడు వాడు.

తలుపులో బిగించి ఉండే దానికి వాళ్ళకి వేరే మాట ఉందని తర్వాత తెలిసింది. కానీ ఆ పూట నాకు ముచ్చటేసింది మరొకటి. మా ఇంట్లో “తాళాలు ఎక్కడ పెట్టావు?” అంటే చెవుల గుత్తి. “తలుపుకి తాళం వెయ్యి” అంటే కప్ప. ఇన్నేళ్ళలో ఎవరమూ ఒకదానికి ఒకటి తెచ్చివ్వలేదు. ఇంగ్లీషులో కీ, లాక్ అని రెండుగా విడిపోయినవి, మా ఊళ్ళోనూ రిగాలోనూ ఒకే మాటలో సర్దుకున్నాయి.

నేను ముప్ఫై ఏళ్ళకి పైగా పల్లెటూరి బడుల్లో ఇంగ్లీషు చెప్పాను. ఎనిమిదో తరగతికి ఏటా ఒక పాఠం ఉండేది: ఒకే మాట, పలు అర్థాలు. బోర్డు మీద ‘లైట్’ అని రాసి, కింద చెట్టుకొమ్మల్లా గీతలు గీసి, వెలుగు, లేత రంగు, తక్కువ బరువు, వెలిగించడం అని పిల్లలచేత చెప్పించేదాన్ని. ‘స్ప్రింగ్’ కింద ఒక ఋతువు, ఒక నీటి ఊట, ఒక తీగచుట్ట, ఒక గెంతు. ‘బ్యాంక్’ కింద డబ్బు దాచుకునే చోటు, ఏటి గట్టు. “ఒక్కదానికి ఇన్నెందుకు టీచర్?” అని అడిగేవాళ్ళు. నాకు ఆ పాఠమంటే ఎంతో ఇష్టం.

మేనల్లుడు రిగాలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మన రెండు రాష్ట్రాల పిల్లలు ఇప్పుడు అక్కడ చాలామందే కనిపిస్తారు. మే నెలలో మూడు వారాలు వచ్చి ఉండమని వాడు పిలిస్తే, బయల్దేరే ముందు ఆ పాత జాబితాను ఒక నోట్‌బుక్కులో ఎక్కించాను. పేజీకి మూడు వరసలు గీశాను. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు, మధ్యలో లాత్వియన్ కోసం ఖాళీ. ఒక కొత్త భాష ఆ కొమ్మల్ని ఎలా పంచుకుంటుందో చూద్దామని. జనాభా పంతొమ్మిది లక్షలు కూడా లేని దేశం లాత్వియా. వాళ్ళ భాష ఇండో-యూరోపియన్ కుటుంబంలో బాల్టిక్ శాఖకి చెందింది. ఆ శాఖలో నేటికీ నిలిచిన పెద్ద భాషలు రెండే, లాత్వియన్, లిథువేనియన్.

మర్నాడు పొద్దున్నే సెంట్రల్ మార్కెట్టుకి వెళ్ళాం. డౌగవ నదికి దగ్గరలో, బోర్లించిన దోనెల్లా ఐదు భారీ మంటపాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం జెప్పెలిన్ గాలి ఓడల కోసం కట్టుకున్న షెడ్ల ఇనుప చట్రాలను తెచ్చి, వాటితో ఈ మార్కెట్టు కట్టారట. 1930లో తెరిచారు. చేపలకొకటి, మాంసానికొకటి, కూరగాయలకొకటి, పాల సరుకుకొకటి. నేను నేరుగా పాల మంటపానికి నడిచాను. పెరుగన్నం లేకపోతే నాకు పూట గడిచినట్టుండదు.

“కర్డ్” అని అడిగాను. అక్కడి అమ్మాయి తల ఊపి తెల్లటి పొడిపొడి ముద్ద ఒకటి కాగితంలో పెట్టి ఇచ్చింది. విరిగిన పాలను గుడ్డలో కట్టి నీళ్ళు వార్చేస్తే మిగిలేది. దాని పేరు బియెస్‌పియెన్స్, చిక్కని పాలు అని అర్థం. నాకు కావలసింది రూగుష్‌పియెన్స్, అంటే పులిసిన పాలు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఇంగ్లండు ఇంగ్లీషులో ‘కర్డ్’ అంటే ఆవిడ ఇచ్చిందే. పెరుగుని కర్డ్ అనడం మన దేశపు అలవాటు. నా జాబితాలో ఈ మాట లేనేలేదు. దానికి ఒకటే అర్థమనుకుని ఇన్నేళ్ళూ పిల్లలకి చెప్పాను. ఆ పక్కనే మజ్జిగ కూడా దొరికింది. పేరు పనిఞస్. రాసేటప్పుడు ‘న’ కింద ఒక చిన్న కామా పెడతారు, పలికేటప్పుడు మన ‘ఞ’ వినిపిస్తుంది. మన వర్ణమాలలో ఉండీ విడిగా ఎప్పుడూ పనిపడని ఆ అక్షరం అక్కడ రోజూ మజ్జిగ పోస్తోంది.

రొట్టెల దగ్గర బోర్డు మీద ఇంగ్లీషు ‘మెయిజ్’కి ఉన్న అక్షరాలే వరసగా కనిపిస్తే మొక్కజొన్న అనుకున్నాను. వాళ్ళు దాన్ని మైజె అని చదువుతారు. అంటే రొట్టె. రై ధాన్యంతో చేసిన నల్లటి ముతక రొట్టె రుప్‌మైజె. మనకి అన్నం ఎలాగో వాళ్ళకి అది అలాగ. డబ్బిచ్చేటప్పుడు పెద్ద నోటు చూసి అమ్మే ఆయన ఏదో అడిగాడు. “చిల్లర ఉందా అంటున్నాడు” అన్నాడు మేనల్లుడు. ఆ మాట సీక్‌నౌద, సన్న డబ్బు. తిరిగి ఇచ్చే డబ్బుకి ఇంకో మాట ఉంది, అత్లికుమ్స్, మిగిలింది అని. రైలు మారడానికి మరో మాట, దాని పోగు విప్పితే ‘అటు మారి కూర్చోవడం’ అని వస్తుంది. ఈ మూడింటికీ ఇంగ్లీషువాడికి ‘ఛేంజ్’ ఒక్కటే. మనం చిల్లర అంటాం, మిగతా డబ్బులు అంటాం, బండి మారాలి అంటాం. ఎడమ వరసలో ఒక మాట, మధ్యలో మూడు, కుడివైపు మూడు. పేజీ చూడటానికి బాగుంది.

జున్ను లాంటి మెంతిరంగు చీజు ముక్క ఒకటి చేతిలో పెట్టి ఒక పెద్దావిడ “గర్షువొ?” అని అడిగింది. నేను రాత్రే నేర్చుకున్న “పతీక్” అన్నాను. ఆవిడ నవ్వి తల అడ్డంగా ఊపింది. ఊరు నచ్చితే, మనిషి నచ్చితే, పాట నచ్చితే పతీక్. నాలుకకి నచ్చితే గర్షువొ. ఇంగ్లీషులో రెంటికీ ‘లైక్’ చాలు. మన వంటింట్లో మాత్రం పులుసు పోసుకున్నవాడు “నాకు నచ్చింది” అంటే వండినామె ముఖం కొంచెం చిన్నబోతుంది. “రుచిగా ఉంది” అనాలి.

ఉచ్చారణ మీద నాకు మొదట్లో భయం ఉండేది. వారం తిరక్కుండానే పోయింది. లాత్వియన్ ‘త’ మన ‘త’లాగే పళ్ళకి తగులుతుంది. అచ్చు సాగితే దాని నెత్తిన అడ్డగీత పెడతారు, అదే వాళ్ళ దీర్ఘం. దీర్ఘం తప్పితే ఎంత ప్రమాదమో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. వాళ్ళకి ‘కాజస్’ అంటే పెళ్ళి, ‘కజస్’ అంటే మేకలు. దయచేసి అనడానికి వాళ్ళు వాడే మాటలో ఉన్న ‘జ’ మన ‘జడ’లో ఉన్న దంత్య జకారమే. పాత పుస్తకాల్లో జ మీద 2 అంకె వేసి చూపించేవాళ్ళే, అది. కనుక ఆ మాటను నేను నోట్‌బుక్కులో లూౙు అని రాసుకున్నాను. ఎంత అని అడిగే మాట ‘ౘిక్’. అందులోది ‘చలి’లో ఉన్న చకారం. మనకి ఇకారం ముందు ఆ చకారం రాదని వ్యాకరణం చెబుతుంది, వాళ్ళకి వస్తుంది. ఇంగ్లీషు లిపిలో రాసి చదివినంతకాలం ఈ రెండు ధ్వనులూ నా నోటికి అందలేదు. తెలుగులో రాసుకున్న రోజే అందాయి. లూౙు మాట ఒక్కటే ఎన్ని పనులు చేస్తుందో! అడిగేటప్పుడు లూౙు, ఇచ్చేటప్పుడు ‘ఇదుగోండి’ అనడానికి లూౙు, ఎవరైనా పల్దియెస్ అని థాంక్స్ చెబితే ‘దానికేముంది లెండి’ అనడానికీ లూౙు. పల్దియెస్ కూడా మామూలు మాట కాదు. ‘దేవుడు తోడుండుగాక’ అనే అర్థంలో ‘పలీౙ్ దియెవ్స్’ అని రెండు మాటలు అరిగి ఒకటయ్యాయట.

ఒక మబ్బు పట్టిన పొద్దున ఇంటావిడ కిటికీ దగ్గర నిలబడి దిగులుగా “స్లిక్త్స్ లైక్స్” అంది. స్లిక్త్స్ అంటే చెడ్డ అని తెలుసు, లైక్స్ అంటే కాలం అని తెలుసు. చెడ్డకాలం. ఎవరికేమైందో అని గుండె గుభేలుమని దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ ఆశ్చర్యపోయి వేలెత్తి ఆకాశం చూపించింది. లైక్స్ అంటే కాలం, వాతావరణం రెండూ. కొంచెం ఆలోచిస్తే మనమూ అంతే. కాలం గడిచింది అంటాం, వానాకాలం అంటాం. కానీ ఇంగ్లీషు ‘టైమ్’ని ఎడమ వరసలో పెట్టి చూసేసరికి నాకు ఆ దారి కనబడలేదు. ‘టైమ్’లో గుణించేటప్పుడూ లెక్కపెట్టేటప్పుడూ వచ్చే సంగతి వాళ్ళకి రెయ్‌జె, మనకి సారి. గోడ మీది సంగతి పుల్క్‌స్తెనిస్, గడియారం. ఎన్ని గంటలైంది అని అడగాలంటే వాళ్ళు ‘గడియారం ఎంత’ అంటారు. గంటకి స్తుంద. బడిలో పాఠానికీ స్తుంద. నా చిన్నప్పుడు మా బడిలో “మొదటి గంట లెక్కలు, రెండో గంట తెలుగు” అనేవాళ్ళు, అదే పద్ధతి. ఆకాశంలో చంద్రుడు మేనెస్, పంచాంగంలో మాసం మేనెసిస్. మనకి రెండూ నెలే, నెలవంకలో చంద్రుడు, నెల జీతంలో మాసం.

పాత రిగా వీధులు గుండ్రాళ్ళు పరిచిన వీధులు. రెండో వారంలో అక్కడ కాలు మడతపడి, బొటనవేలు రాయికి గట్టిగా తగిలింది. మేనల్లుడు క్లాసులో ఉన్నాడు. కుంటుకుంటూ ఒక మందుల షాపుకి వెళ్ళాను. కౌంటరు దగ్గర ఉన్న అమ్మాయి వచ్చిన ఇంగ్లీషుతోనే ఆదరంగా అడిగింది, లెగ్ నొప్పా అని. లెగ్ కాదు, టో అన్నాను. ఆ మాట ఆమెకి తెలియదు. ఫుట్ అన్నాను. “అవును, లెగ్” అంది. చివరికి చెప్పు విప్పి చూపించాను. ఆమె ముఖం విప్పారింది. “కాయస్ పిర్క్స్‌త్స్!” అంది.

ఆ రాత్రి కాలు స్టూలు మీద పెట్టుకుని రాసుకున్నాను. కాయ అంటే కాలు, తొడ నుంచి వేలి కొన దాకా మొత్తం. రువొక అంటే చెయ్యి, భుజం నుంచి గోరు దాకా మొత్తం. పిర్క్స్‌త్స్ అంటే వేలు, చేతిదైనా కాలిదైనా. కాయస్ పిర్క్స్‌త్స్ అంటే కాలి వేలు. షష్ఠీ విభక్తి కూడా ఉన్నచోటే ఉంది. ఇంగ్లీషు మనిషి ఒంటిని ఆర్మ్, హ్యాండ్, లెగ్, ఫుట్, ఫింగర్, టో అని ఆరు ముక్కలుగా చూసిన చోట మనమూ వాళ్ళూ మూడుగా చూస్తున్నాం.

రాస్తుండగా ఒక పిల్లవాడు గుర్తొచ్చాడు. ఏడో తరగతి. సెలవు చీటీలో, కాలి వేలికి దెబ్బ తగిలింది కనుక రాలేకపోయానని ‘లెగ్ ఫింగర్’ అని రాశాడు. ఎర్ర సిరాతో కొట్టేసి, క్లాసు మొత్తానికి చదివి వినిపించాను. పిల్లలు నవ్వారు. ఇంగ్లీషులో అది తప్పే, దిద్దవలసిందే. కానీ వాడి బుర్రలో ఏ వెలితీ లేదు. మనిషి ఒంటిని చూడటానికి ఉన్న ఒక పద్ధతిని వాడు ఇంకో భాషలోకి నిజాయితీగా తీసుకెళ్ళాడు. ఒక దేశం దేశమంతా అలాగే చూస్తుందని అప్పుడు నాకు తెలిసి ఉంటే, ఆ చీటీ వినిపించేదాన్ని కాదు. నీ మాట లాత్వియాలో చెల్లుతుందిరా అని చెప్పి, ఆ తర్వాత దిద్దేదాన్ని.

ఆ మందుల షాపు అమ్మాయే నాకు ఇంకో సంగతి ఇచ్చింది. ఇలా అనాలి అని చెప్పి “మన్ సాప్ కాయ” అనిపించింది. మన్ అంటే నాకు. నాకు కాలు నొప్పి. క్రియ ఒకటి వాళ్ళు వేస్తారు, మనం వెయ్యం, అంతే తేడా. ఆ ‘మన్’ పట్టుకుని లాగితే ఎంత వచ్చిందో! మన్ ఇర్ మాస, నాకు చెల్లెలుంది. మన్ వజగ్, నాకు కావాలి. మన్ పతీక్, నాకు నచ్చింది. నీ వయసెంత అని అడగడానికి ‘ౘిక్ తెవ్ గదు’, ఎన్ని నీకు ఏళ్ళు. మనం “నీకెన్నేళ్ళు?” అంటామే, అదే, ఒక్క క్రియ కూడా లేకుండా. ‘ఐ హ్యావ్’ అనే రెండు మాటలు పిల్లల నోట నిలపడానికి నేను ఎన్ని మధ్యాహ్నాలు పడ్డ కష్టమో నాకే తెలుసు. చెల్లెలు మన దగ్గర ఉండే వస్తువు కాదు, ఆకలి మనం చేసే పని కాదు, అవి మనకి ఉంటాయి, మనకి వేస్తాయి అని పుట్టినప్పటి నుంచీ నేర్చుకున్న పిల్లల్ని ‘నేను కలిగి ఉన్నాను’ అనే వైపు తిప్పవలసి వచ్చేది.

ఇది చుట్టరికం వల్ల వచ్చిన పోలిక కాదు. తెలుగు ద్రావిడ భాష. లాత్వియన్ వాళ్ళకి పొరుగున ఉన్న రష్యన్‌లో, ఎస్తోనియన్‌లో కూడా ఇలాంటి పోకడే ఉంది, మన హిందీలోనూ ఉంది. ‘హ్యావ్’ని అందరికీ సహజమనుకోవడమే నేను చేసిన పొరపాటు. చుట్టరికం ఉన్న మాటలు వేరే ఉన్నాయి, అవి మనకి సంస్కృతం చేతుల మీదుగా వచ్చినవి. దియెన దినం, దియెవ్స్ దేవుడు, ఉగున్స్ అగ్ని. చలికాలాన్ని జియెమ అంటారు, మన హిమానికి, హేమంతానికి అది అక్కచెల్లెలు. ఎండాకాలం వసర. అది మన వసంతానికి తోబుట్టువు, మంచు దేశంలో ఎండ ఆలస్యంగా వస్తుంది కాబట్టి కాబోలు ఒక ఋతువు ముందుకి జరిగింది. వసరకి ముందుది పవసరిస్, వాళ్ళ వసంతం.

ఊరి నడుమ స్వాతంత్ర్య స్తంభం ఉంది. 42 మీటర్ల ఎత్తు, కొసన మూడు నక్షత్రాలు ఎత్తి పట్టుకున్న స్త్రీ. శిల్పి కార్లిస్ జాలె. ప్రజలు ఇచ్చిన చందాలతో కట్టి 1935లో ఆవిష్కరించారు. ఆ తర్వాత ఐదేళ్ళకే దేశం సోవియట్ చేతుల్లోకి వెళ్ళింది. స్తంభాన్ని కూల్చలేదు గానీ, దాని కింద పువ్వులు పెట్టడం నేరంలా చూసేవారు. 1987 జూన్ 14న హెల్సింకి-86 అనే బృందం పిలుపు మీద జనం బాహాటంగా వచ్చి పువ్వులు పెట్టారు. 1941లో అదే తేదీన వేలమందిని సైబీరియాకి పంపేశారు, వాళ్ళ స్మృతికి. రెండేళ్ళ తర్వాత, 1989 ఆగస్టు 23న, మూడు బాల్టిక్ దేశాల ప్రజలు ఆరువందల కిలోమీటర్లకి పైగా చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డారు. ఆ గొలుసు ఈ స్తంభం ముందు నుంచే పోయింది. నేను వెళ్ళినప్పుడూ మెట్ల మీద తాజా పువ్వులున్నాయి.

స్తంభం పేరులోని మాట బ్రీవీబ, స్వేచ్ఛ. బ్రీవ్స్ అంటే స్వేచ్ఛగా ఉన్న. ట్రాములో పక్క సీటు ఖాళీయేనా అని అడగడానికీ అదే మాట. డబ్బు తీసుకోకుండా ఇచ్చేదానికి మాత్రం చాలాచోట్ల ‘బెజ్ మక్సస్’ అని బోర్డు ఉంటుంది, రుసుము లేకుండా అని. మన ఊళ్ళలో ఇప్పుడు ‘ఫ్రీ’ అనగానే జనానికి తోచేది ఆ చివరిది ఒక్కటే. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ. జాబితాలో ‘ఫ్రీ’ ఎదురుగా కుడివైపు నేను మొదట రాసింది ఉచితం అని. అక్కడి మెట్ల మీద కూర్చుని, ఆ పువ్వులు చూస్తూ, దాని పైన స్వేచ్ఛ అని రాశాను. కింద ఖాళీ అని కూడా. ఖాళీ సీటుకీ స్వేచ్ఛకీ ఒకే మాట ఉండటంలో నాకు ఎబ్బెట్టు ఏమీ తోచలేదు. ఇంకొకరు ఆక్రమించకుండా ఉన్న చోటు అని రెంటిలోనూ అర్థం.

‘రైట్’ కొమ్మలు కూడా అక్కడే పూర్తయ్యాయి. కుడిచెయ్యి లబా రువొక, మంచి చెయ్యి. నువ్వన్నది నిజం అనేటప్పుడు తైస్నీబ. లెక్క సరిపోయినప్పుడు పరెయ్‌జి. హక్కులు తియెసీబస్. మనకి కుడి, నిజం, సరి, హక్కు. హక్కుని మనం అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా తెచ్చుకున్నాం, అయినా దాన్ని ‘సరి’తో కలిపేసుకోలేదు.

డౌగవకి అవతలి క్రస్త్స్ మీద, అంటే ఒడ్డు మీద (డబ్బు దాచుకునేది బంక, దీనికి దానికీ పొత్తు లేదు), జాతీయ గ్రంథాలయం గాజుకొండలా కనిపిస్తుంది. గున్నార్ బిర్కెర్ట్స్ అనే వాస్తుశిల్పి రూపం ఇచ్చాడు. దాన్ని గైస్మస్ పిల్స్ అంటారు, వెలుగు కోట. మునిగిపోయిన ఒక కోట గురించి ఔసెక్లిస్ అనే కవి రాసిన గాథ నుంచి వచ్చిన పేరు. మరిచిపోయిన దాని పేరును ఎవరైనా కనిపెట్టి పలికితే కోట మళ్ళీ పైకి లేస్తుందని అందులో ఉంది. 2014 జనవరి 18న, గడ్డకట్టే చలిలో, సుమారు 14 వేలమంది పాత గ్రంథాలయం నుంచి వంతెన మీదుగా ఇక్కడి దాకా వరస కట్టి, చేతి నుంచి చేతికి పుస్తకాలు అందించారు. ఇక్కడా మళ్ళీ చేతులే.

వెలుగు గైస్మ, లేత రంగు గైష్, తక్కువ బరువు వియెగ్ల్స్. నా పాత బోర్డు మీది ‘లైట్’ చెట్టు ఇక్కడ రెండు చెట్లయింది. వియెగ్ల్స్ అంటే సులువైన అని కూడా. అచ్చం మన తేలికే. సంచీ తేలిక, లెక్క తేలిక.

పై అంతస్తులో దైనల అల్మరా ఉంది. దైన అంటే లాత్వియన్ జానపద పాట, ఎక్కువగా నాలుగు పాదాలు. క్రిష్యానిస్ బరోన్స్ అనే ఆయన (1835–1923) ఊరూరి నుంచి జనం పంపిన పాటల్ని చిన్న చిన్న చీటీల మీదకి ఎక్కించి, వరసగా సర్దడానికి 1880లో మాస్కోలో ఈ అల్మరా చేయించుకున్నాడు. 1894 నుంచి 1915 దాకా ఆరు సంపుటాలుగా అచ్చయిన పాటలు 2,17,996. అల్మరా 2001లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేరింది. సొరుగుల ముందు నిలబడితే నాకు కళ్ళు చెమర్చాయి. రాజ్యం లేని కాలంలో, పెద్ద కొలువులన్నీ జర్మన్‌లోనో రష్యన్‌లోనో జరిగే కాలంలో, ఆడవాళ్ళు పాలు పితుకుతూ, నార వడుకుతూ పాడుకున్న మాటలు అవి. తొలి లాత్వియన్ నిఘంటువు 1638లో ఒక జర్మన్ పాస్టరు, గెయోర్గ్ మన్సెలియుస్, వేశాడు. మనకి బ్రౌను దొర చేసినట్టే, పరాయివాడు తన భాష గుమ్మంలో నిలబడి చేసిన పని. వాళ్ళ మాటల్ని వాళ్ళ లోపలి నుంచి చూసిన మహా నిఘంటువు కార్లిస్ మీలెన్‌బహ్స్ మొదలుపెట్టాడు. 1916లో ఆయన పోతే, యానిస్ ఎండ్జెలీన్స్ కొనసాగించి 1923 నుంచి 1932 లోపల నాలుగు సంపుటాలు పూర్తి చేశాడు.

పుస్తకాల బీరువాలో మన రవీంద్రుడు కూడా ఉన్నాడు, రబింద్రనత్స్ తగోరె అని. వాళ్ళు మగపేరు చివర ‘స్’ చేరుస్తారు, పరాయి పేరైనా సరే. మన డుమువులు పని చేసినట్టే. రవీంద్రనాథుడు అంటే తెలుగువాడైనట్టు, రబింద్రనత్స్ అంటే లాత్వియన్ అయ్యాడు. పార్కుని మనం పార్కు చేశాం, వాళ్ళు పర్క్స్ చేశారు. ఉకారం అంటించకుండా మనకి, సకారం అంటించకుండా వాళ్ళకి మాట నోట్లో నిలవదు.

ఇంటావిడ సాయంత్రాలు చేతి తొడుగులు అల్లుతూ కూర్చుంటుంది. రంగురంగుల నక్షత్రాలు, ముగ్గుల్లాంటి గీతలు. ఒకరోజు సూదులు ఎత్తి చూపించి “ప్రువొతత్?” అని అడిగింది. మీకు వచ్చా అని. ‘నో’ అనే ఇంగ్లీషు మాటకి, తెలుసుకోవడానికి, వాళ్ళకి మూడున్నాయి. సంగతి తెలిస్తే జినాత్. మనిషిని ఎరిగి ఉంటే పజీత్. పని చేతికి వస్తే ప్రస్త్. తెలుసు, ఎరుగుదును, వచ్చు. ఒకదాని పక్కన ఒకటి రాసేసరికి అతుకు కూడా కనబడలేదు. అల్లడం నాకు రాదు. నేర్పించింది. పది వరసలు వచ్చాయి. ఆవిడ నన్ను మొదట్నుంచీ ‘యూస్’ అంటోంది. అది మన ‘మీరు’, ఒకరికైతే మర్యాద, పదిమందికైతే బహువచనం. నువ్వుకి ‘తు’. అల్లిక పూర్తయ్యాక, ఇక ‘తు’ అనుకుందామా అని అడిగింది. అలా అడగడం అక్కడి మర్యాదట. నాకంటే పదేళ్ళు పెద్దది. నన్ను ‘తు’ అనమన్నాను. నేను మాత్రం ‘యూస్’ అనే అన్నాను. ఆవిడకి కాస్త వింతగా ఉన్నట్టుంది గానీ, పెద్దావిడని నువ్వు అనడానికి నా నోరు రాలేదు.

చివరి వారంలో ఒక్కదాన్నే సిగుల్ద వెళ్ళాను. రిగా నుంచి యాభై కిలోమీటర్లు. గౌయ నది లోయ, కొత్త ఆకులతో బిర్చి చెట్లు. ఎర్ర ఇసుకరాతి గుహ ఒకటి ఉంది అక్కడ, గూత్మనిస్ గుహ. గుహ లోపలి నుంచి సన్నగా నీళ్ళు ఊరి పారుతుంటాయి. ఆ నీళ్ళతో ఒక మంచాయన జబ్బులు నయం చేసేవాడని, ఆయన వల్లే ఆ పేరు వచ్చిందని చెబుతారు. గోడల నిండా మనుషులు చెక్కిన పేర్లు, కొన్ని పదిహేడో శతాబ్దం నాటివి. అక్షరానికి బుర్త్స్, రాసి పంపే ఉత్తరానికి వేస్తులె. ఆ గోడల మీద ఉన్నవి బుర్త్స్ మాత్రమే, ఎవరికి పంపినవో తెలియదు. నీటి ఊట అవువొత్స్. దోసిలి పట్టి మొహం కడుక్కున్నాను. పవసరిస్‌లో అవువొత్స్. ‘స్ప్రింగ్’ అని బోర్డు మీద రాసి కొమ్మలు గీసిన ముప్ఫై ఏళ్ళలో, ఆ ఋతువులో అలాంటి ఊట ముందు నేను ఎప్పుడూ నిలబడలేదు. పక్కపక్కన ఉన్నా వాటిని ఒక మాట కిందికి తేవాలని అక్కడ నాకు తోచలేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయి, చెట్లు చిగిర్చి ఉన్నాయి.

తిరుగు రైలు ఎక్కేసరికి రాత్రి ఎనిమిది దాటింది. వెలుగు ఇంకా బాగా ఉంది, మే నెలాఖరున అక్కడ దాదాపు పది దాకా పొద్దుంటుంది. ఎదురు సీట్లో ఒక ముసలావిడ, ఒళ్ళో బుట్ట, బుట్టలో లైలాకు కొమ్మలు. కిటికీ పై అద్దం తెరిచి ఉంది. రైలు అడవిలోకి మళ్ళగానే గాలి జిల్లున కొట్టింది. ఆవిడ శాలువా దగ్గరికి లాక్కుని, నాతోనో తనలోనో, “మన్ సల్స్త్” అంది.

లేచి అద్దం వేశాను. కూర్చున్నాక గాని తట్టలేదు, ఆ మాట విన్నప్పుడు నా లోపల ఇంగ్లీషు ఎక్కడా కదల్లేదని. నాకు చలేస్తోంది అందావిడ. అంతే విన్నాను.

“పల్దియెస్” అంది.

“లూౙు” అన్నాను.

నోట్‌బుక్కు తీసి, ఎడమ వరస వదిలేసి, మధ్యలో ఒకటి, కుడివైపు ఒకటి రాసుకున్నాను. ఆవిడ బుట్ట అడుగు నుంచి కాగితం పొట్లం తీసి, నల్ల రొట్టె ఒకటి సగానికి తుంచి నాకిచ్చింది. పుల్లగా, కాస్త తియ్యగా, లోపల ఏదో గింజ వాసన. నేను నమిలేదాకా ఆగి, నా ముఖంలోకి చూసి అడిగింది.

“గర్షువొ?”

“గర్షువొ” అన్నాను.